వర్గంలోని రెండు కచ్చితంగా రెండేనా?

36, 144, 575.5. విద్యుదావేశమున్న రెండు వస్తువుల మధ్య బలాన్ని లెక్కగట్టే సూత్రం లోకానికి తెలిసింది ఈ మూడు కొలతలతో. 1785లో పారిస్ శాస్త్ర అకాడమీకి షార్ల్ ఒగస్తీన్ కూలుంబ్ సమర్పించిన పత్రంలో ఇవి ఉన్నాయి. మూడూ డిగ్రీలే, ఒక సన్నని వెండి తీగ ఎంత మెలి తిరిగిందో చెప్పే డిగ్రీలు. ఇంటర్ రెండో ఏడాది భౌతికశాస్త్రంలో కూలుంబ్ నియమం ఒక్క వరుసలో అయిపోతుంది. దాన్ని బట్టీపట్టే పిల్లలకు ఈ మూడు అంకెల సంగతి చెప్పేవాళ్లు తక్కువ. చెప్పి తీరాలని నా అభిప్రాయం. దూరం నెత్తిన కూర్చున్న ఆ చిన్న '2' ఎక్కడి నుంచి వచ్చిందో, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో తెలిస్తేనే ఆ సూత్రంతో చేసే లెక్కల్లోని అందం పట్టుబడుతుంది.

కూలుంబ్ సైనిక ఇంజనీరు. కరీబియన్ సముద్రంలోని మార్టినిక్ దీవిలో ఎనిమిదేళ్లపాటు కోట కట్టించి, ఆరోగ్యం దెబ్బతిని ఫ్రాన్సుకు తిరిగొచ్చాడు. గోడ మీద మట్టి ఎంత ఒత్తిడి తెస్తుంది, రాపిడి ఎలా పనిచేస్తుంది వంటి ప్రశ్నలతో చాలా ఏళ్లు గడిపినవాడు. దిక్సూచి ముల్లును ఇరుసు మీద నిలబెట్టకుండా సన్నటి దారానికి వేలాడదీస్తే రాపిడి బెడద తప్పుతుందన్న ఆలోచన అతన్ని దారాల మెలి వైపు, తీగల మెలి వైపు నడిపింది. తీగను ఎంత మెలిపెడితే అంత బలంగా అది విప్పుకోవాలని చూస్తుందని 1784లో తేల్చాడు. మెలి రెట్టింపైతే ఆ బలమూ రెట్టింపు. ఆ ఒక్క సంగతి తేలడంతో, మామూలు త్రాసుకు అందని అతి స్వల్ప బలాలను కొలిచే త్రాసు చేతికొచ్చింది.

వెడల్పాటి గాజు పాత్ర, దాని మూత మీద నిలువుగా గాజు గొట్టం, గొట్టం పైకొసనుంచి వేలాడే వెండి తీగ. తీగ చివర అడ్డంగా, లక్క పట్టించిన పట్టు దారంతో చేసిన సూది. సూది ఒక కొసన బెండు బంతి. దాని పక్కనే, కదలకుండా బిగించిన మరో బెండు బంతి. రెండింటికీ ఒకే రకం ఆవేశం ఇవ్వగానే సూది మీది బంతి 36 డిగ్రీలు దూరం జరిగి ఆగింది. బంతుల వికర్షణ, తీగ మెలి సరితూగిన చోటది. ఇప్పుడు కూలుంబ్ పైనున్న మీటను 126 డిగ్రీలు వెనక్కి తిప్పి బంతిని బలవంతంగా దగ్గరికి తెచ్చాడు. బంతుల మధ్య ఎడం 18 డిగ్రీలకు తగ్గింది. తీగలో మొత్తం మెలి 126కు 18 కలిపి 144. దూరం సగం, బలం నాలుగింతలు. మీటను 567 డిగ్రీల దాకా తిప్పితే ఎడం 8.5 డిగ్రీలకు చేరింది. మెలి 575.5, అంటే 144కు దాదాపు నాలుగింతలు. దూరం సగమైనప్పుడల్లా బలం నాలుగు రెట్లయితే, అది దూరపు వర్గానికి విలోమంగా మారుతున్నట్టు.

ఆ చివరి కొలత దగ్గర కాస్త ఆగాలి. 18లో సగం 9. బంతి ఆగింది 8.5 దగ్గర. నియమం కచ్చితమని నమ్మి 8.5 డిగ్రీలకు లెక్కగడితే మెలి సుమారు 646 ఉండాలి. వచ్చింది 575.5. పదకొండు శాతం తక్కువ! ఆవేశం గాలిలోకి కొద్దికొద్దిగా జారిపోతూ ఉంటుందని కూలుంబ్‌కు తెలుసు. మూడు కొలతలూ రెండు నిమిషాల్లో ముగించడానికి కారణం అదే. 1992లో పీటర్ హీరింగ్ ఇలాంటి పరికరాన్నే తయారుచేసి ప్రయత్నిస్తే కూలుంబ్ ఫలితాలు రాలేదు. 2006లో ఆల్బెర్టో మార్టినెజ్ ఇంకాస్త శ్రద్ధగా చేసి రాబట్టగలిగాడు. నా మట్టుకు ఇది కూలుంబ్ గొప్పతనాన్ని తగ్గించే విషయం కాదు. కాకపోతే మూడు కొలతలు, అందులో ఒకటి పదకొండు శాతం పక్కకు జరిగినది. వీటిని బట్టి ఘాతాంకం 2 అనగలమే గానీ 2.05 కాదని చెప్పలేం. ఆ సందేహాన్ని తీర్చిన ప్రయోగం వేరే ఉంది. దాని దగ్గరికి పోవాలంటే ముందు కొన్ని లెక్కలు చెయ్యాలి.

సూత్రం మాటల్లో చెప్పుకుంటే ఇంతే: రెండు ఆవేశాలను హెచ్చవేసి, మధ్య దూరపు వర్గంతో భాగించి, 9 × 10⁹తో హెచ్చవేస్తే బలం న్యూటన్లలో వస్తుంది. ఆవేశాలు కూలుంబుల్లో, దూరం మీటర్లలో ఉండాలి. తొమ్మిది వందల కోట్లన్న ఆ స్థిరాంకాన్ని చూస్తేనే ఈ బలం ఎంత ఉగ్రమైనదో తెలుస్తుంది. ఒక్కో కూలుంబ్ ఆవేశమున్న రెండు వస్తువులను మీటరు దూరంలో పెడితే, వాటి మధ్య బలం దాదాపు తొమ్మిది లక్షల టన్నుల బరువుకు సమానం.

మరి తలకు రుద్దిన బెలూన్లు ఎందుకంత సుతారంగా తోసుకుంటాయి? ఒక్కోదాని మీద కూలుంబ్‌లో కోటో వంతు, అంటే 0.1 మైక్రోకూలుంబ్ ఆవేశం ఉందనుకుందాం. పది సెంటీమీటర్ల ఎడంలో బలం 0.009 న్యూటన్. ఒక గ్రాము బరువుకన్నా కొంచెం తక్కువ. ఇంత చిన్న ఆవేశానికే 62 వేల కోట్ల ఎలక్ట్రాన్లు చోటు మారాయి. ఈ సంఖ్య పెద్దదా, చిన్నదా?

జవాబు నీటిని అడుగుదాం. ఒక గ్రాము నీటిలో దాదాపు 3.3 × 10²³ ఎలక్ట్రాన్లు ఉంటాయి. వాటి మొత్తం ఆవేశం 53 వేల కూలుంబుల పైమాట. అంతే ధనావేశం కేంద్రకాల్లో ఉంది కాబట్టి బయటికి ఏమీ తెలియదు. ఇప్పుడు లక్ష కోట్ల ఎలక్ట్రాన్లకు ఒక్కటి చొప్పున తీసేశామనుకోండి. అలాంటి ఒక్కో గ్రాము నీటిబొట్లు రెండింటిని పది సెంటీమీటర్ల దూరంలో పెడితే వాటి మధ్య వికర్షణ 0.0026 న్యూటన్, ఒక్కో బొట్టు బరువులో పావు వంతు పైనే. లక్ష కోట్లలో ఒక్కటి తగ్గితే ఇంత! మన ఒంట్లో, ఇంట్లో, కొండల్లో ఈ రెండు ఆవేశాలూ ఎంత నిక్కచ్చిగా సరితూగి ఉన్నాయో ఈ ఒక్క లెక్క చెబుతుంది. ప్రోటాన్, ఎలక్ట్రాన్ ఆవేశాల పరిమాణాలు సమానమని ప్రయోగాలు తేల్చిన మేర కూడా ఊహకందనిది: తేడా ఏమన్నా ఉంటే అది 10²¹లో ఒక వంతును మించదు. హైడ్రోజన్ పరమాణువులో ఆ రెండింటి మధ్య విద్యుదాకర్షణ 8.2 × 10⁻⁸ న్యూటన్లు. వాటి మధ్య గురుత్వాకర్షణ దీనిలో 10³⁹ వంతుల్లో అర వంతు కూడా కాదు. గ్రహాలను తిప్పే బలం మనకు పెద్దగా కనిపించడానికి కారణం విద్యుద్బలం తన్ను తానే రద్దుచేసుకోవడం.

మధ్యలో ఏ పదార్థముందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. ఉప్పు స్ఫటికంలో పక్కపక్కనే ఉన్న సోడియం, క్లోరిన్ అయాన్ల మధ్య దూరం 0.28 నానోమీటర్లు, ఆకర్షణ సుమారు 2.9 × 10⁻⁹ న్యూటన్లు. పరమాణువుల స్థాయిలో ఇది గట్టి పట్టు. నీటిలో వేశాక, అయాన్లు కాస్త ఎడమైతే చాలు, నీటి అణువులు మధ్యలో దూరి ఆ ఆకర్షణను ఎనభయ్యో వంతుకు తగ్గించేస్తాయి. నీళ్లలో ఇట్టే కరిగే ఉప్పు నూనెలో కరగకపోవడానికి ప్రధాన కారణం ఇదే.

రెండు ఆవేశాలకైతే బలం లెక్క సరిపోతుంది. పదీ వందా ఉంటే? ప్రతి జంటకూ మళ్లీ మళ్లీ లెక్క చేసే బదులు వేరే ప్రశ్న అడగడం మేలు: ఇక్కడ ఒక కూలుంబ్ ఆవేశం పెడితే దాని మీద ఎంత బలం పడుతుంది, ఏ దిక్కుకు? ఆ జవాబే అక్కడి విద్యుత్ క్షేత్ర తీవ్రత. కూలుంబ్‌కు ఇన్ని న్యూటన్లని చెప్పినా, మీటరుకు ఇన్ని వోల్టులని చెప్పినా విలువ ఒక్కటే. ఆవేశం తన చుట్టూ ఉన్న చోటునే మార్చేస్తుందనీ, రెండో ఆవేశం తాను నిలబడ్డ చోటుకే స్పందిస్తుందనీ మైకేల్ ఫారడే భావించాడు. గణితం పెద్దగా చదువుకోని ఫారడేకు తట్టిన ఈ ఆలోచన గణితజ్ఞులందరికీ దారి చూపింది.

క్షేత్రాలను కూడేటప్పుడు అంకెలతోపాటు దిక్కులనూ కూడాలి. పరీక్షల్లో మార్కులు పోయేది ఎక్కువగా ఇక్కడే. 4 నానోకూలుంబుల ధనావేశం ఒకటి, 1 నానోకూలుంబ్ ధనావేశం ఒకటి, మధ్యన 30 సెంటీమీటర్లు. పెద్దదాని నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో, చిన్నదాని నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో ఉన్న బిందువును తీసుకోండి. పెద్దదాని క్షేత్రం అక్కడ కూలుంబ్‌కు 900 న్యూటన్లు ఒక దిక్కుకు, చిన్నదానిదీ కూలుంబ్‌కు 900 న్యూటన్లే, ఎదురు దిక్కుకు. మొత్తం సున్నా. దూరం రెట్టింపైతే ఆవేశం నాలుగింతలు ఉండాలి, అప్పుడే సరితూకం. ఘాతాంకం సరిగ్గా 2 కాకపోతే ఈ సున్నా ఇంకో చోటికి జరిగేది.

ఈ సున్నానే ఒక్క బిందువు దగ్గర కాక, ఒక గోళం లోపలంతా సృష్టించవచ్చు. ఆవేశమిచ్చిన ఒక గుల్ల లోహగోళం లోపల, గోడకు దగ్గరగా ఎక్కడో ఒక బిందువు ఉందనుకోండి. అక్కడి నుంచి దగ్గరి గోడ మీద ఒక చిన్న ముక్క, సరిగ్గా ఎదురుగా దూరపు గోడ మీద ఒక ముక్క, ఒకే సన్నటి శంకువు రెండు పక్కలా కోసిన ముక్కలు. దూరపు గోడ మూడింతల దూరంలో ఉంటే ఆ ముక్క వైశాల్యం తొమ్మిదింతలు, కాబట్టి దాని మీది ఆవేశమూ తొమ్మిదింతలే. బలం మాత్రం దూరపు వర్గం వల్ల తొమ్మిదో వంతుకు పడిపోతుంది. రెండు తోపులూ సరిసమానమై రద్దవుతాయి. గోళం మొత్తాన్ని ఇలా జంటలు జంటలుగా కోయవచ్చు కాబట్టి లోపల ఎక్కడా క్షేత్రం ఉండదు. ఘాతాంకం 2.1 అయ్యుంటే దూరపు ముక్క బలం పది శాతం తగ్గిపోయి, దగ్గరి ముక్కదే పైచేయి అయ్యేది, లోపల క్షేత్రం మిగిలేది.

అంటే గుల్ల గోళం లోపల ఏమీ లేదని చూపించగలిగితే ఘాతాంకం రెండేనని రుజువైనట్టే. లోహపు డబ్బా లోపలి గోడలకు ఆవేశం అంటడం లేదని బెంజమిన్ ఫ్రాంక్లిన్ గమనించి చెప్పగా, ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్లీ 1767లోనే దాని అర్థం పట్టేశాడు: విద్యుద్బలం కూడా గురుత్వాకర్షణలాగా దూరపు వర్గాన్ని అనుసరిస్తుందని రాశాడు. కూలుంబ్ తీగ కంటే పద్దెనిమిదేళ్లు ముందు!

దాన్ని కొలత స్థాయికి తీసుకెళ్లినవాడు హెన్రీ కావెండిష్. 1772-73 ప్రాంతంలో అతను 12.1 అంగుళాల వ్యాసమున్న గోళాన్ని రెండు అర్ధగోళాల మధ్య బంధించాడు. లోపలి గోళాన్నీ బయటి పెంకునూ సన్నటి తీగతో కలిపి, పెంకుకు ఆవేశమిచ్చి, తీగ తీసేసి, అర్ధగోళాలను విడదీసి, లోపలి గోళానికి బెండు బంతుల జతను తాకించాడు. బంతులు విడిపోలేదు. తన పరికరం పసిగట్టగల అతి తక్కువ ఆవేశమెంతో కూడా కొలిచి, ఘాతాంకం 2 నుంచి యాభయ్యో వంతుకు మించి తేడాపడదని లెక్కగట్టాడు. ఏదీ కనిపించకపోవడాన్ని కొలతగా మార్చడం ఎంత గొప్ప ఊహ! కూలుంబ్ ప్రయోగంలో తీగ, చేయి, కన్ను, జారిపోయే ఆవేశం అన్నీ ఫలితంలో కలుస్తాయి. కావెండిష్ దాంట్లో సున్నా అంటే సున్నాయే. ఘాతాంకం విషయంలో నా ఓటు కావెండిష్‌కే. ఆయనేమో దీన్ని ప్రచురించకుండా కాగితాల్లోనే వదిలేశాడు. వందేళ్ల తర్వాత ఆ కాగితాలను పరిష్కరించి 1879లో పుస్తకంగా తెచ్చినవాడు జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్. ఆ పనిలో భాగంగా ప్రయోగాన్ని మళ్లీ చేయించి తేడాను 21,600లో ఒక వంతుకు దించాడు. 1971లో విలియమ్స్, ఫాలర్, హిల్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు ఒకదానిలో ఒకటిగా ఐదు లోహపు పెంకులతో అదే ప్రశ్న అడిగారు. 2 నుంచి తేడా అంటూ ఉంటే అది 10¹⁵లో ఒక వంతు కన్నా తక్కువని తేలింది. ఇందులో కాంతి సంగతీ ముడిపడి ఉంది: కాంతి కణానికి రవ్వంత ద్రవ్యరాశి ఉన్నా ఈ నియమం చెదరాలి.

గోళం లోపల సున్నా అయితే, బయట ఇంకో సౌలభ్యం. ఆవేశమంతా కేంద్రం దగ్గర ఒక్క బిందువులో ఉన్నట్టే లెక్క చేయవచ్చు. దీంతో ఇందాకటి కూలుంబ్ ఆవేశం మనకు ఎందుకు ఎదురుపడదో తేలిపోతుంది. నేల దగ్గరి పొడిగాలి మీటరుకు సుమారు 30 లక్షల వోల్టులను మించిన క్షేత్రాన్ని ఓర్చుకోలేదు, తెగిపోయి మెరుస్తుంది. పది సెంటీమీటర్ల వ్యాసార్ధమున్న గోళం మీద, ఆ హద్దు దాటకుండా నిలిచే ఆవేశం 3.3 మైక్రోకూలుంబులే. ఒక పూర్తి కూలుంబ్ నిలవాలంటే వ్యాసార్ధం 55 మీటర్లు కావాలి.

ఇదే లెక్కను భూమికి పెడదాం. మబ్బులేని రోజున మైదానంలో నేల దగ్గర మీటరుకు సుమారు 100 వోల్టుల క్షేత్రం కిందికి చూస్తూ ఉంటుంది. భూమి వ్యాసార్ధం 6,370 కిలోమీటర్లు. లెక్కిస్తే భూమి మీది రుణావేశం దాదాపు నాలుగున్నర లక్షల కూలుంబులు. ఇంతా చేసి నేల మీద చదరపు మీటరుకు అదనంగా ఉన్న ఎలక్ట్రాన్లు 550 కోట్లు. పైన చూసిన బెలూన్ మీద ఉన్నవాటిలో నూరో వంతు కన్నా తక్కువ.

ఉరుముల మబ్బు పైకి వచ్చిందంటే ఈ చిత్రం తలకిందులవుతుంది. మబ్బు కింది భాగంలో రుణావేశం, పై భాగంలో ధనావేశం పేరుకుంటాయి. ఆరు కిలోమీటర్ల ఎత్తున 40 కూలుంబుల రుణావేశం, పది కిలోమీటర్ల ఎత్తున అంతే ధనావేశం ఉన్నాయని తీసుకుంటే, సరిగ్గా వాటి కింద నేల దగ్గర మొదటిది 10,000, రెండోది ఎదురు దిక్కుకు 3,600. మిగిలేది 6,400. నేల కూడా వాహకమే కాబట్టి అందులో ప్రేరితమైన ఆవేశం దీన్ని రెట్టింపు చేస్తుంది: మీటరుకు 12,800 వోల్టులు, పైకి చూస్తూ. మామూలు రోజు క్షేత్రానికి వంద రెట్ల పైమాట. ఇది చదును నేల మీది మాట. ఒంటరి తాటిచెట్టు మొవ్వు దగ్గర, పొలంలో నిటారుగా నిలబడ్డ మనిషి తల దగ్గర క్షేత్రరేఖలు దట్టమై తీవ్రత ఎన్నో రెట్లు పెరుగుతుంది. 2018 ఏప్రిల్‌లో ఒక్కరోజు, 13 గంటల వ్యవధిలో ఆంధ్రప్రదేశ్‌లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. అలాంటి రోజున పొలంలో ఉన్నవాళ్లు చెట్టు కిందికి పరిగెత్తకూడదు. పక్కా ఇంట్లోకో, తలుపులు మూసిన కారులోకో చేరాలి. లోహపు పెంకు లోపలివారికి కావెండిష్ చూపిన సున్నాయే చాలావరకు రక్ష.

మబ్బు లోపల మాత్రం లెక్క ఒకచోట అడ్డం తిరుగుతుంది. బెలూన్లకు పరికరాలు కట్టి లోపలికి పంపి కొలిస్తే, బలమైన చోట్ల కూడా క్షేత్రం మీటరుకు రెండు లక్షల వోల్టుల ప్రాంతంలోనే తరచుగా కనిపిస్తుంది. ఆ ఎత్తున గాలి పలచనై, తెగే హద్దు సగానికి పడిపోయిందనుకున్నా పదిహేను లక్షలు ఉండాలి. మరి పిడుగు ఎలా మొదలవుతుంది? గుండ్రటి నీటిబొట్టు తన రెండు కొసల దగ్గర క్షేత్రాన్ని మూడింతలు చేస్తుందని కాగితం మీదే చూపించవచ్చు. మంచు సూదులైతే ఇంకా ఎక్కువ. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల వల్ల పుట్టిన వేగవంతమైన ఎలక్ట్రాన్లు, ఇంత తక్కువ క్షేత్రంలోనే మరిన్ని ఎలక్ట్రాన్లను ఎగదోస్తాయన్నది 1992లో గురెవిచ్, ఆయన సహచరులు చేసిన ప్రతిపాదన. పిడుగు మొదటి రవ్వ వెనుక వీటిలో దేని వాటా ఎంతన్నది ఇంకా తేలని విషయం.

ఊటీలో టాటా మౌలిక పరిశోధనా సంస్థవారి గ్రేప్స్-3 ప్రయోగశాల ఉంది. కాస్మిక్ కిరణాల వల్ల వాతావరణంలో పుట్టే మ్యూయాన్లనే కణాలను అక్కడ రాత్రింబగళ్లు లెక్కిస్తారు. మ్యూయాన్ ఆవేశం ఎలక్ట్రాన్ ఆవేశమంతే. ధన మ్యూయాన్లూ ఉంటాయి, రుణ మ్యూయాన్లూ ఉంటాయి, ధన మ్యూయాన్లు కొంచెం ఎక్కువ. మబ్బులోని క్షేత్రం ఒక రకాన్ని అడ్డుకుని రెండో రకాన్ని ముందుకు తోస్తుంది కాబట్టి మొత్తం లెక్క కొద్దిగా మారుతుంది. 2014 డిసెంబరు 1న వచ్చిన ఉరుముల గాలివానలో 18 నిమిషాలపాటు ఆ లెక్క రెండు శాతం పడిపోయింది. ఆవేశం తెలుసు, దాని మీద పడిన ప్రభావం తెలుసు. వెనక్కి లెక్కగడితే మబ్బు పైకీ కిందికీ మధ్య 130 కోట్ల వోల్టుల తేడా తేలింది. 2019లో ఫలితం ప్రచురించారు. ఉరుముల మబ్బుల్లో వంద కోట్ల వోల్టులు ఉండగలవని సి.టి.ఆర్. విల్సన్ 1929లోనే అంచనా వేశాడు. బెలూన్లకు అంతవరకు దొరికిన అత్యధిక విలువ 130 కోట్లలో పదో వంతే. బెలూన్ తాను పోయే దారి వెంట, ఒక్కో క్షణం ఒక్కో చోటును మాత్రమే చూడగలదు. ఊటీ మ్యూయాన్లు ఆ మబ్బు మందమంతటినీ ఒక్కసారిగా దాటుకుని వచ్చాయి.